చుక్క చెదరకుండా

సూపర్ మారియో బ్రదర్స్‌లో ఆకాశాన తేలే తెల్లమబ్బు, నేలమీది పచ్చటి పొద రెండూ ఒకే బొమ్మ. రంగు మార్చారు, అంతే. 1985 నాటి ఆ ఆటను ఏళ్ల తరబడి ఆడినవాళ్లు కూడా చాలామంది ఈ సంగతి గమనించలేదు. క్యాసెట్‌లోంచి బొమ్మల్ని బయటికి తీసి పక్కపక్కన పరిచినవాళ్లకు మాత్రం చూడగానే తెలిసిపోతుంది. ఆట మొత్తం 40 కిలోబైట్లు. అందులో బొమ్మలకు దక్కింది 8. మారియో, తాబేళ్లు, ఇటుకలు, కోటలు, అంకెలు, అక్షరాలు అన్నీ ఆ ఎనిమిదిలోనే సర్దాలి. దండెత్తి వచ్చే గూంబాకు నడక బొమ్మలు రెండు గీయడానికి చోటు లేదు. ఉన్న ఒక్క బొమ్మనే ఎడమకీ కుడికీ తిప్పుతూ నడిపించేశారు! ఆటను తయారుచేసిన మియామోతో, తెజుకాల బృందం ఎంత గడుసుదో తెలియాలంటే ఆట ఆడితే చాలదు, విప్పి చూడాలి.

ఈ విప్పే పనిని స్ప్రైట్ రిప్పింగ్ అంటారు. పనిలేనివాళ్ల కాలక్షేపమని కొట్టిపారేసేవాళ్లను చూశాను. వాళ్లు ఒక్క బొమ్మనైనా చేత్తో విప్పి ఉండరని నా నమ్మకం.

నింటెండో 1983లో జపాన్‌లో తెచ్చిన ఫామికామ్‌లో తెరంతా 8×8 చుక్కల టైల్స్. మసయుకి ఉయెమురా రూపొందించిన ఆ యంత్రంలో టైల్ ఒక్కింటికి 16 బైట్లు. ఆ పదహారూ వరసగా చదువుకుపోతే బొమ్మ రాదు. మొదటి ఎనిమిది ఒక పొర, తర్వాతి ఎనిమిది ఇంకో పొర. ఒకదానిమీద ఒకటి పేర్చాలి. మొదటి బైటు 00111100, తొమ్మిదో బైటు 00011000 అనుకోండి. మొదటి పొరలోని 1కి విలువ ఒకటి, రెండో పొరలోని 1కి విలువ రెండు. నిలువుగా కలిపితే పై వరస 0 0 1 3 3 1 0 0 అని తేలుతుంది. ఇలా ఎనిమిది వరసలు కలిపితే ఒక టైల్. అలాంటివి నాలుగు కలిస్తే చిన్న మారియో. వైవై-సీహెచ్‌ఆర్ వంటి సాధనాలు ఈ లెక్కను కనురెప్పపాటులో చేసిపెడతాయి. అయినా కాగితం, పెన్సిల్ పట్టుకుని ఒక్కసారైనా చేసి చూడండి. తల ఎత్తేసరికి గళ్లలోంచి మీసాలాయన మీ వైపు చూస్తుంటాడు.

ఇప్పటిదాకా తేలినవి అంకెలే, రంగులు కావు. సున్నా అంటే ఖాళీ. ఒకటి, రెండు, మూడు ఏ రంగులో చెప్పే పాలెట్‌ను ఆట నడుస్తుండగా ప్రోగ్రాం అందిస్తుంది. అందుకే నికార్సయిన రిప్పర్ మెసెన్ లాంటి ఎమ్యులేటర్‌లో (పాత యంత్రాన్ని కంప్యూటర్‌లో అనుకరించే ప్రోగ్రాం) ఆటను సరిగ్గా ఆ ఘట్టం దగ్గర ఆపి, అప్పుడు అమల్లో ఉన్న పాలెట్‌ను రాసుకుంటాడు. బొమ్మనూ పాలెట్‌నూ విడివిడిగా, చెక్కుచెదరకుండా దాస్తాడు. మబ్బు పొదగా మారిన రహస్యం అలా దాస్తేనే బతుకుతుంది.

అసలు పరీక్ష కుదించి దాచిన బొమ్మల దగ్గర. 1996 నాటి పోకెమాన్ తొలి ఆటల్ని టైల్ వ్యూయర్‌లో తెరిచి రాక్షసుల కోసం వెతికితే అంతా ఇసక జల్లినట్టే కనిపిస్తుంది. పొరల్ని విడదీసి, పక్క చుక్కకూ దీనికీ తేడాను మాత్రమే రాసి, మిగిలిన సున్నాల గుంపుల్ని లెక్కగట్టి కుదించారు. అప్పుడు వీడియో మెమరీలోకి బొమ్మ దిగే క్షణాన ఎమ్యులేటర్‌ను ఆపి, దాన్ని దింపిన ఆదేశం ఏది, దానికి సరుకు ఎక్కణ్ణుంచి వచ్చిందని అడుగులో అడుగు వేసుకుంటూ వెనక్కి నడవాలి. దొరికిన క్షణం ఉంటుందే, ఆ ఆనందం చెప్పనలవి కాదు. తర్వాతి గోల్డ్, సిల్వర్ ఆటలకు బొమ్మల్ని కుదించే సాధనాన్ని సతోరు ఇవాతా రాసిచ్చారంటారు. అప్పటికాయన హాల్ లేబొరేటరీకి అధ్యక్షుడు! ప్లేస్టేషన్ టిమ్ ఫైళ్ల పని దీనికన్నా తేలికే. వెడల్పు లెక్క చూసుకుంటే చాలు. పదహారు రంగుల బొమ్మకు ఫైల్‌లో 64 అని ఉంటే అసలు వెడల్పు 256.

నా ఓటు మాత్రం ఎప్పటికీ సూపర్ ఫామికామ్‌కే, అందులోనూ చిత్రకారిణి కజుకో షిబుయాకే. 1994 నాటి ఫైనల్ ఫాంటసీ 6లో మనుషులు 16 చుక్కల వెడల్పు, 24 చుక్కల ఎత్తు. అంతలోనే తల వంచుతారు, ఉలిక్కిపడతారు, నవ్వుతారు, వేలు ఆడించి బెదిరిస్తారు. ఆ బొమ్మల్ని పెద్దవి చేసి చూడండి. పోచంపల్లి గ్రాఫ్ కాగితం మీద గడి తప్పితే చీర చెడినట్టు, ఇక్కడ కన్ను ఒక్క చుక్క జరిగిందా, దుఃఖం కాస్తా నిద్రమత్తవుతుంది. సెగా అభిమానులకూ న్యాయంగా ఒక మాట. సోనిక్‌లో జలపాతాన్ని నిలువు చారలుగా గీశారు. నాటి టీవీ తీగలో ఆ చారలు కలిసిపోయి నీరు పారదర్శకంగా కనిపించేది. రిప్ చేసి ఇప్పటి మానిటర్ మీద పెడితే దువ్వెన పళ్లు. అందుకే బొమ్మతోపాటు అది ఏ తెరకోసం గీసిందో కూడా రాసిపెట్టమని బతిమాలుతుంటాను.

ఇంత సూక్ష్మమైన పనిని ఇవాళ ఏం చేస్తున్నారో చూస్తే కడుపు మండుతోంది. ఎవరో స్క్రీన్‌షాట్ తీస్తారు, జేపెగ్‌లో దాస్తారు. మూడు రంగుల మారియో చుట్టూ మురికిలా డజన్ల కొద్దీ దొంగరంగులు చేరతాయి. దాన్ని ఇంకొకరు ఏఐకి మేపి, మైనపు ముద్దలాంటి మొహాన్ని బయటికి లాగి ‘హెచ్‌డీ’ అని అమ్ముకుంటారు. పెద్ద కంపెనీలూ తక్కువ తినలేదు. షిబుయా చుక్కల్ని చెరిపేసి ఫైనల్ ఫాంటసీ 6 మొబైల్ రూపాన్ని 2014లో వదిలారు. తర్వాత ఆమెనే పిలిచి పిక్సెల్ రీమాస్టర్ చేయించాల్సి వచ్చింది. 2018లో క్రోనో ట్రిగ్గర్ కంప్యూటర్ రూపానికీ అదే నునుపు పూశారు. జనం తిట్టాక పాత బొమ్మల్ని తిరిగిచ్చారు. 2021లో గ్రాండ్ తెఫ్ట్ ఆటో మూడు పాత ఆటల్ని ఏఐతో సాగదీస్తే బోర్డుల మీద అక్షరాలు తప్పులతడకలయ్యాయి. డోనట్ దుకాణం మీది ఆరు మూలల నట్టు గుండ్రంగా అరిగిపోయింది! నట్టుకు మూలలు ఎందుకుంటాయో తెలియనివాళ్ల చేతికి బొమ్మలప్పగిస్తే ఇంతే. చివరికి ఆ ఆటల కంపెనీ రాక్‌స్టార్ క్షమాపణ చెప్పుకుంది.

రిప్ చేసేవాళ్లకు నా విన్నపం. సొంత క్యాసెట్‌లోంచే తీయండి. పీఎన్‌జీలోనే దాచండి. చుక్కకు చుక్కగా ఉంచండి, నునుపు చేయకండి. గీసినవాళ్ల పేరు దొరికితే తప్పక రాయండి, బొమ్మల్ని అమ్మకండి. కోఠి గుజరాతీ గల్లీలోనో, మీ ఊరి ఫ్యాన్సీ షాపులోనో టీవీ గేమ్‌తోపాటు కొన్న పసుపుపచ్చ క్యాసెట్లు మీ అటక మీద ఇంకా ఉంటే పాత సామాన్లవాడికి వేయకండి. వాటిలో కొన్ని మారియో తల మార్చి, రంగులు మార్చి ఎవరో పేరులేని వ్యక్తి టైల్ టైల్‌గా తిరగరాసిన ఆటలు. ఆ మార్పులేమిటో నమోదు కావాలంటే ముందు ఆ క్యాసెట్ ఉండాలి. కాంటాక్టుల మీది దుమ్ము తుడిచి, డంప్ చేయడం, అంటే లోపలి డేటాను కంప్యూటర్‌లోకి దింపడం, తెలిసినవాళ్లకు ఒక్క పూట అప్పివ్వండి.