కారణం అడగని కథ: ఆంగ్ల నవలలో అలైంగిక, అప్రణయ పాత్రల చిత్రణ

వ్యాససంగ్రహం

ఇతరుల పట్ల లైంగికాకర్షణ గానీ, ప్రణయాకర్షణ గానీ కలగని వ్యక్తులను సాహిత్యం ఎలా చిత్రించిందన్నది ఈ వ్యాసవిషయం. ఇందుకు రెండు ఆంగ్ల నవలలను ఆధారంగా తీసుకున్నాను. ఒకటి న్యూజిలాండ్ రచయిత్రి కెరి హ్యూమ్ రాసిన 'ది బోన్ పీపుల్' (1984). రెండవది బ్రిటిష్ రచయిత్రి ఆలిస్ ఓస్‌మన్ రాసిన 'లవ్‌లెస్' (2020). ఈ రెండింటి నడుమ ఉన్న ముప్పై ఆరేళ్లలో ఆ అనుభవానికి పేరు, సమూహం, పుస్తక విపణి ఏర్పడ్డాయి. పేరు లేని కాలపు నవలకూ, పేరు దొరికిన కాలపు నవలకూ ఉన్న భేదాన్ని పరిశీలించి, తెలుగు విమర్శ ఇటువంటి పాత్రలను చదవవలసిన పద్ధతిని చర్చించడం ఈ వ్యాసలక్ష్యం.

కీలక పదాలు: అలైంగికత, అప్రణయత, జంటజీవన ప్రమాణం, కెరి హ్యూమ్, ఆలిస్ ఓస్‌మన్, ప్రచురణరంగం.

1. ఉపోద్ఘాతం

కథలో ఒంటరిగా బతికే పాత్ర కనబడితే పాఠకుడు వెంటనే కారణం వెతుకుతాడు. ప్రేమ విఫలమై ఉండాలి, లేదా బాల్యంలో ఏదో గాయం తగిలి ఉండాలి, లేదా ఏదైనా వ్రతం పట్టి ఉండాలి. ఈ మూడూ కానప్పుడు, తగిన మనిషి ఇంకా తారసపడలేదని సరిపెట్టుకుంటాడు. కథకులు కూడా చాలాసార్లు ఈ అపేక్షకు తగినట్టే కథను నడుపుతారు. ఆకర్షణ లేకపోవడమే ఒక మనిషి స్వభావం కావచ్చునన్న అవకాశం ఈ చట్రంలో ఇమడదు.

ఈ స్వభావాన్ని శాస్త్రం గమనించకపోలేదు. 1948లో ఆల్ఫ్రెడ్ కిన్సీ తన లైంగిక కొలమానంలో 0 నుండి 6 వరకు అంకెలు వేసి, ఎటువంటి లైంగిక స్పందనా లేనివారికి 'ఎక్స్' అనే విడి అక్షరం కేటాయించాడు. కొలమానం మీద వారికి చోటు లేదు, పక్కన మాత్రం ఉంది. 1980లో అమెరికన్ మానసిక వైద్యుల రోగనిర్ధారణ గ్రంథం లైంగికేచ్ఛ లోపించడాన్ని రుగ్మతల జాబితాలో చేర్చింది. 2001లో డేవిడ్ జే స్థాపించిన 'ఏవెన్' అంతర్జాల వేదిక ద్వారా ఇటువంటివారు ఒకరినొకరు గుర్తించుకున్నారు. 2004లో ఆంథొనీ బొగార్ట్, పద్దెనిమిది వేలకు పైగా బ్రిటిష్ పౌరుల సమాధానాలను విశ్లేషించి, వారిలో సుమారు ఒక శాతం మంది తమకు ఎవరిపట్లా లైంగికాకర్షణ కలగలేదని చెప్పినట్టు చూపాడు. 2013 నాటి రోగనిర్ధారణ గ్రంథం, తమను అలైంగికులుగా చెప్పుకొనేవారికి ఆ రుగ్మతను ఆపాదించరాదని స్పష్టం చేసింది. పరిశీలనలో ఉన్న రెండు నవలలూ ఈ క్రమానికి రెండు కొసల వద్ద నిలుస్తాయి.

2. పరిభాష

ఇక్కడ రెండు పదాలను వేరుచేసి గ్రహించాలి. ఏసెక్సువల్ అంటే లైంగికాకర్షణ కలగనివారు. ఏరోమాంటిక్ అంటే ప్రణయాకర్షణ కలగనివారు. ఒకటి ఉన్నచోట రెండవది తప్పక ఉండాలన్న నియమం లేదు. లైంగికాకర్షణ లేకుండానే ప్రేమలో పడేవారున్నారు, ప్రేమ భావన లేకుండా లైంగికాకర్షణ కలిగేవారూ ఉన్నారు. ఈ వ్యాసంలో మొదటిదానికి 'అలైంగిక', రెండవదానికి 'అప్రణయ' అన్న పదాలను వాడుతున్నాను.

ఇవి నిర్దోషమైన పదాలు కావు. 'అలైంగిక' అనగానే తెలుగు పాఠకునికి జీవశాస్త్ర పాఠంలోని అలైంగిక ప్రత్యుత్పత్తి, రెండుగా చీలే అమీబా గుర్తుకు వస్తాయి. 'నపుంసక' శబ్దం వ్యాకరణంలో లింగవాచి, వ్యవహారంలో నింద. 'బ్రహ్మచారి' అన్న మాటలో సంకల్పం ఉంది, 'విరాగి' అన్న మాటలో ఒకప్పుడు ఉండి తొలగిన రాగం ఉంది. వీటిలో ఏ పదమూ ఎన్నడూ లేని ఆకర్షణను, ఎవరూ కోరి వదులుకోని ఆకర్షణను సూచించదు. పరిభాషలోని ఈ ఖాళీ విమర్శలోనూ ప్రతిఫలిస్తుంది.

ఈ చర్చకు ఉపకరించే మరొక భావన ఎలిజబెత్ బ్రేక్ అనే తత్త్వవేత్త 2012లో ప్రతిపాదించిన 'అమటోనార్మటివిటీ'. ప్రతి మనిషీ ఒక ప్రణయజంటలో భాగం కావాలనీ, ఆ బంధం తక్కిన బంధాలన్నిటికన్నా విలువైనదనీ సమాజం ముందుగానే నిర్ణయించుకోవడం దీని అర్థం. దీనిని జంటజీవన ప్రమాణం అనవచ్చు.

3. 'ది బోన్ పీపుల్': నమ్మబడని సాక్ష్యం

న్యూజిలాండ్ దక్షిణ ద్వీపంలో, సముద్రతీరాన తాను కట్టించుకున్న గోపురంలో కెరెవిన్ హోమ్స్ ఒంటరిగా జీవిస్తుంటుంది. ఆమె చిత్రకారిణి. చిత్రాలు వేసే శక్తి ఆమెను వదిలిపోయింది, కుటుంబంతో సంబంధాలు తెగిపోయాయి. ఒకనాడు సైమన్ అనే మాటలు రాని బాలుడు ఆ గోపురంలోకి వస్తాడు. అతనిని పెంచుతున్న మావోరీ పురుషుడు జో, భార్యనూ పసిబిడ్డనూ పోగొట్టుకున్నవాడు. కథ ఈ ముగ్గురిది.

స్త్రీపురుషులను, నడుమ ఒక బిడ్డను చూడగానే పాఠకుడు వివాహాన్ని ఊహిస్తాడు. జో కూడా అదే ఆశిస్తాడు. కెరెవిన్ మాత్రం అతనికి తన సంగతి నేరుగా చెబుతుంది. తనకు పురుషుల పట్ల గానీ స్త్రీల పట్ల గానీ ఎన్నడూ ఆకర్షణ కలగలేదని, కౌమారంలో తనవంటివారు ఇంకెవరైనా ఉన్నారా అని చాలాకాలం ఆలోచించానని, ఈ మాట చెప్పినప్పుడల్లా ఎవరూ నమ్మలేదని ఆమె వివరిస్తుంది. తనను వర్ణించుకోవడానికి వ్యాకరణంలోని మూడవ లింగాన్ని అరువు తెచ్చుకుంటుంది. ఆ కాలానికి ఆమెకు అందుబాటులో ఉన్న పదం అదే.

ఈ సన్నివేశం ప్రాముఖ్యం ఆ తరువాతి కథాగమనంలో ఉంది. నవల ఆమె మాటను సాక్ష్యంగా స్వీకరించి ముందుకు సాగుతుంది. తరువాతి అధ్యాయాలలో ఆ మాటను అబద్ధం చేసే రహస్యం బయటపడదు, జో ఆమెను మార్చడు. కెరెవిన్‌కు నిజంగానే మానని గాయాలున్నాయి. అయితే అవి కళకూ, కుటుంబానికీ సంబంధించినవి. వాటి పరిష్కారానికీ ఆమె అలైంగికతకూ నవల ముడిపెట్టదు. చివర ఆమె గోపురాన్ని కూల్చి, శంఖంలా సర్పిలాకారంలో ఇల్లు కట్టుకుంటుంది. ముగ్గురూ మళ్లీ ఒకచోటికి చేరతారు. ఆ కుటుంబానికి శరీరసంబంధం పునాది కాదు.

ఇంత మాత్రాన ఆ కుటుంబం ఆదర్శప్రాయం అనలేం. జో సైమన్‌ను దారుణంగా కొడతాడు. ఆ సంగతి తెలిసిన కెరెవిన్, తనను అడగకుండా బిడ్డపై చేయి చేసుకోవద్దని మాట తీసుకుంటుంది. కానీ ఒకసారి కోపంలో ఫోనులో తానే సమ్మతి ఇస్తుంది. ఆనాటి దెబ్బలకు బాలుడు చావు అంచులకు వెళతాడు. ఆమె నిర్దోషి కాదు, ప్రేమ చేతకానిదీ కాదు. మమకారం, కోపం, పశ్చాత్తాపం అన్నీ ఆమెలో ఉన్నాయి. ఆకర్షణ లేనివారు భావరహితులన్న అపోహకు నవల ఇచ్చే బలమైన సమాధానం ఈ నేరభాగస్వామ్యమే. అదే సమయంలో ఒక అభ్యంతరాన్నీ అంగీకరించాలి. మనుషులకు దూరంగా గోపురంలో నివసించే స్త్రీగా ఆమెను పరిచయం చేయడం, అలైంగికులు ఏకాకులన్న మూసకు దగ్గరగానే ఉంది. గోపురాన్ని కూల్చే ముగింపు ఆ మూసను కొంతవరకే సరిదిద్దుతుంది.

4. ప్రచురణ, విమర్శల మౌనం

ఈ నవలను పలువురు ప్రచురణకర్తలు తిరస్కరించారు, కుదించమని కోరారు. హ్యూమ్ అంగీకరించలేదు. చివరకు 'స్పైరల్' అనే స్త్రీల సమష్టి దానిని 1984లో ప్రచురించింది. 2,000 ప్రతుల తొలి ముద్రణ కొద్దికాలంలోనే చెల్లిపోయింది. 1985లో ఆ నవలకు బుకర్ బహుమతి లభించింది. న్యూజిలాండ్ రచయితకు ఆ బహుమతి రావడం అదే మొదటిసారి.

తరువాతి విమర్శ ప్రధానంగా వలసానంతర దృక్పథంతో సాగింది. ముగ్గురి కుటుంబాన్ని మావోరీ, యూరోపియన్ సంస్కృతుల సమాగమానికి ప్రతీకగా చదివారు. రచయిత్రి మావోరీతనంపైన కూడా వాదం జరిగింది. ఇవి అవసరమైన పఠనాలే. కానీ కెరెవిన్ తన గురించి తాను చెప్పుకున్న మాట ఈ ప్రతీకల కింద అణగిపోయింది. హ్యూమ్ తానూ అలైంగికురాలినని, అప్రణయురాలినని చెప్పుకున్న రచయిత్రి. ఎవరూ నమ్మలేదన్న పాత్ర వేదన, పుస్తకం పొందిన ఆదరణలో కూడా ఒక రూపంలో కొనసాగిందనడం అతిశయోక్తి కాదు.

2014లో ఎలా షిబిలో, డేనియల్ కూపర్ అనే పరిశోధకులు పాత రచనలలో అలైంగిక 'అనునాదాల'ను వినాలని ప్రతిపాదించారు. పేరు పెట్టుకోని వ్యక్తులకు, పాత్రలకు నేటి పేరు అంటించకుండా, వారి జీవితాలలో ఈ అనుభవం పలికే చోటులను గుర్తించడం వారి పద్ధతి. 'ది బోన్ పీపుల్' విషయంలో అంత శ్రమ కూడా అక్కరలేదు. పాత్ర తనంత తానే చెబుతోంది, వినడమే మిగిలింది.

5. 'లవ్‌లెస్': పేరు దొరికిన కాలం

'లవ్‌లెస్' నాయిక జార్జియా వార్‌కు పద్దెనిమిదేళ్లు. ప్రేమకథలంటే ప్రాణం పెడుతుంది, కానీ తాను ఎవరినీ ప్రేమించలేదు. డరం విశ్వవిద్యాలయంలో చేరినప్పుడు ఈ లోటు తీర్చుకోవాలని పట్టుబడుతుంది. చిన్ననాటి మిత్రుడు జేసన్‌తో ప్రేమను ప్రయత్నించి, అతనిని గాయపరుస్తుంది. సహవిద్యార్థి సునీల్ ద్వారా అలైంగికత అన్న మాట తెలిసిన తరువాత తన గతాన్ని కొత్తగా చదువుకుంటుంది.

ఇక్కడ పదమే కథను మలుపు తిప్పుతుంది. జార్జియా దుఃఖం ఆకర్షణ లేకపోవడం వల్ల కలిగింది కాదు. లేనిదానిని ఉన్నట్టు నటించవలసి రావడం వల్ల కలిగింది. పేరు తెలిసిన వెంటనే ఆమెకు ఊరట కలగదన్నది ఈ నవలలోని నిజాయితీ. తాను కలలుగన్న ప్రేమకథ తనకు ఎన్నటికీ దక్కదన్న శోకం ముందు వస్తుంది, అంగీకారం ఆ తరువాత వస్తుంది. చివర ఆమె ప్రేమకథలలోని ఆడంబర ప్రేమప్రకటన ఘట్టాన్ని స్నేహం కోసం వాడుకుంటుంది. జంటజీవన ప్రమాణం ప్రణయానికే కేటాయించిన ఉత్సవాన్ని స్నేహానికి ఇవ్వడం ద్వారా నవల తన వాదాన్ని కథలోనే నిరూపిస్తుంది.

లోపాలు లేకపోలేదు. వివరణ అవసరమైన చోట పాత్రలు కొన్నిసార్లు పాఠం చెబుతాయి. పాఠకునికి ఆ పదం తెలియకపోవచ్చునన్న స్పృహ రచయిత్రిని విడిచిపెట్టదు. మొదటిసారి ఒక పేరును పరిచయం చేసే రచనకు తప్పని భారమిది. ఓస్‌మన్ కూడా తనను అలైంగిక, అప్రణయ వ్యక్తిగా చెప్పుకున్నారు. ఈ నవల 2021లో బ్రిటన్‌లో యువపాఠక సాహిత్యానికి ఇచ్చే వై.ఎ. బుక్ ప్రైజ్ అందుకుంది.

ప్రచురణరంగానికి సంబంధించిన ఒక చిక్కు ఇక్కడే ఉంది. అమెరికాలోని రొమాన్స్ రచయితల సంఘం తన నిర్వచనంలో రెండు అంశాలను కోరుతుంది: కథకు ప్రేమ కేంద్రం కావాలి, ముగింపు ఆశాజనకంగా ఉండాలి. అప్రణయ పాత్ర నాయికగా ఉన్న కథ మొదటి నియమం వద్దే ఆగిపోతుంది. అటువంటి కథకు యువపాఠక సాహిత్యం చోటిచ్చింది, మంచిదే. కానీ ఈ స్వభావం యౌవనంలో ఎదురయ్యే ఒక ప్రశ్నగానే పుస్తకాలలో మిగిలితే, నలభై ఏళ్ల, డెబ్బై ఏళ్ల అలైంగిక మనిషి జీవితం ఎలా ఉంటుందన్నది రాయవలసినదిగానే ఉండిపోతుంది. ఆ దిశలో కెరెవిన్ నేటికీ విలువైన పాత్ర.

6. తెలుగు పఠన సంప్రదాయం

ఇటువంటి పాత్రలను చదివేటప్పుడు తెలుగు పాఠకునికి రెండు అలవాట్లు అడ్డు వస్తాయి. మొదటిది కామరాహిత్యాన్ని నిష్ఠగా చదవడం. పెద్దన మనుచరిత్రలో ప్రవరుడు వరూధినిని తిరస్కరిస్తాడు. అతనికి ఇల్లు, ఇల్లాలు, నిత్యాగ్నిహోత్రం ఉన్నాయి. అతని తిరస్కారానికి మూలం ధర్మం. అతనిని అలైంగికుడనడం కావ్యానికి అన్యాయం. అలాగే కెరెవిన్‌ను తపస్వినిగా చూడడం ఆ నవలకు అన్యాయం. ప్రవరుని ఎదుట ఒక ఆకర్షణ ఉంది, అతడు దానిని కాదన్నాడు. కెరెవిన్‌కు కాదనవలసినదే లేదు.

రెండవ అలవాటు ఆధునికమైనది. చలం 'మైదానం' నుండి స్త్రీ లైంగికేచ్ఛను ప్రకటించడం స్వేచ్ఛకు గుర్తుగా మన విమర్శలో స్థిరపడింది. ఆ పోరాటానికి కారణాలున్నాయి. స్త్రీకి కోరిక ఉండరాదన్న సమాజంలో కోరికను చెప్పడమే తిరుగుబాటు. అందువల్ల కోరిక లేదని చెప్పే స్త్రీ పాత్ర వెనుకటి కట్టుబాటుకు లొంగినదిగా కనబడే ప్రమాదం ఉంది. ఈ సందేహం న్యాయమైనదే. అయితే సమాజం స్త్రీ నుండి కోరేది లైంగికరాహిత్యాన్ని కాదు, వివాహం లోపల లభ్యతను. కోరిక లేని స్త్రీకి ఆ వివాహంలో కాదనే హక్కు లేదు, వివాహమే వద్దనడానికి నమ్మదగిన కారణమూ ఆమె చేతిలో లేదు. తన శరీరంపై తన మాటే చెల్లాలన్న స్త్రీవాద సూత్రం ఆమెకూ అంతే వర్తిస్తుంది.

7. ఉపసంహారం

పై పరిశీలనను బట్టి, అలైంగిక, అప్రణయ పాత్రల చిత్రణను అంచనా వేయడానికి మూడు ప్రశ్నలు ఉపకరిస్తాయి. కథ ఆ స్వభావానికి గాయాన్ని కారణంగా చూపుతోందా? ఏదో ఒక మనిషి రాకతో దానిని నయం చేస్తోందా? రెండూ చేయనప్పుడు, శిక్షగా ఆ పాత్రను బంధుత్వాలకు వెలిగా నిలబెడుతోందా? 'ది బోన్ పీపుల్' పదం లేకుండానే మొదటి రెండింటినీ దాటింది, మూడవదానితో పెనుగులాడింది. 'లవ్‌లెస్' మూడింటినీ దాటింది, అందుకు వివరణభారాన్ని మోసింది. పాత్ర తన గురించి చెప్పే మాటను కథ నమ్మడమే చిత్రణలో కీలకమని, పేరు ఉండడం దానికి తోడు మాత్రమేనని ఈ రెండు నవలల పోలిక నిరూపిస్తోంది.

తెలుగులో ఈ అనుభవం రచనగా వచ్చినప్పుడు దానికి పత్రికలు, ప్రచురణకర్తలు, విమర్శకులు మొదట వేసే ప్రశ్న 'ఎందుకలా?' కాకుండా ఉండాలి. ఆ తరువాత ఆ మనిషి ఎలా జీవించింది, ఎవరితో కలిసి జీవించింది అన్న కథ మొదలవుతుంది.