అంగడి కాపురమా, నీకు జేజే

కింద గల్లా పెట్టె, పైన పొయ్యి, నడుమ నిటారుగా చెక్క మెట్లు. బెంగళూరు చిక్కపేట అంగడి కాపురమా, నీ ఆస్తి ఇంతే. చారు పోపు ఘాటు కిందికి దిగేది, బేరం మాటలు పైకెక్కేవి. ఆ పూట ఎన్ని చీరలు పోయాయో ఇల్లాలికి ఒకరు చెప్పక్కర్లేదు. మెట్ల మీద ఆయన అడుగుల చప్పుడు విని, నెయ్యి ఎంత వెయ్యాలో ఆవిడే తేల్చుకునేది.

1537లో కెంపేగౌడ ఈ ఊరికి కోట కట్టినప్పుడు ఎడ్లు నాలుగు దిక్కులకూ నాగటి చాళ్లు తీశాయనీ, అవే దొడ్డపేట, చిక్కపేట వీధులయ్యాయనీ చెప్పుకుంటారు. ఆ చాళ్లలో సరుకు మొలిచింది. బియ్యానికి అక్కిపేట, రాగులకు రాగిపేట, పత్తికి అరళెపేట, గాజులకు బళెపేట. సరుకు వెంట రాయలసీమ దారులు పట్టి మనవాళ్లూ వచ్చారు. వైశ్యులొచ్చారు, దేవాంగులొచ్చారు, బలిజలొచ్చారు. ఇంట్లో తెలుగు, గల్లా దగ్గర కన్నడం, గిరాకీ తమిళం మాట్లాడితే తమిళం. అన్ని భాషల్లోనూ నీకు ముందుగా వచ్చిన వాక్యం ఒక్కటే: "రండమ్మా, కూర్చోండి, చూసి వెళ్దురుగాని."

నీ అలమరలో మడత పెట్టిన పట్టుకు జేజే. రామనగర సంతలో పట్టుగూడుగా అమ్ముడుపోయి, దారమై, ధర్మవరం మగ్గమెక్కి, చీరై తిరిగి బెంగళూరు దిగిందది. ఇంత దూరం తిరిగొచ్చిన చీరను, అంచు రంగు నప్పలేదంటూ ఇంటి ఆడపడుచు ఒక్క మాటతో పక్కన పడేసేది. ఊరంతా మెచ్చిన బేరగాడు ఆమె ముందు నోరెత్తేవాడు కాడు. నీ రాజ్యంలో అసలు రాజెవరో అప్పుడు తెలిసేది.

1898లో ప్లేగు వచ్చింది. ఇరుకు పేటల్లో పాడెలు ఆగలేదు. ఊరికి గాలీ వెలుతురూ కావాలని బసవనగుడి, మల్లేశ్వరం వీధులు వెడల్పుగా తీశారు. కాలం గడిచేకొద్దీ అంగడి పేటలోనే ఉండిపోయింది, కాపురం వేపచెట్ల వీధులకు మారింది. నువ్వు రెండు ముక్కలైపోతావని అనుకున్నవాళ్లుంటారు. నువ్వు మాత్రం రోజూ సాయంత్రం గుడ్డసంచిలో చిట్టాతో ఇల్లు చేరావు. కూడికలు పిల్లల చేత చేయించావు. రూపాయి తేడా వస్తే ఇల్లంతా మేలుకుని వెతికింది. తీరా అది పెద్దాయన దారిలో తిన్న దోసెలో తేలింది.

నీ నమ్మకానికీ జేజే. 1930లో ఈ ఊళ్లోనే వైశ్యా బ్యాంకు పుట్టి, నోటిమాట మీద నడిచే నీ బాకీలకు పాసుబుక్కు ఇచ్చింది. 2015లో అది కోటక్ బ్యాంకులో కలిసిపోయాక కూడా నీ ఇంటి ముసలివాళ్లు దాన్ని మన బ్యాంకనే అన్నారు.

నీ పంచాంగానికి జేజే. దీపావళి లక్ష్మీపూజకు కొత్త ఖాతా పుస్తకానికి పసుపూ కుంకుమా. చైత్ర పున్నమి రాత్రి ధర్మరాయస్వామి గుడి నుంచి బయల్దేరి, పేటలన్నీ తిరిగి, మస్తాన్ సాహెబ్ దర్గా దగ్గర ఆగి సాగే కరగ ఊరేగింపు. కార్తీకం కడపటి సోమవారం బసవనగుడి పరిషె జాతరలో గుట్టలు పోసిన వేరుశనగ. చలి మొదలైతే అవరెకాయ, అదే మన అనపకాయ, దాని గింజలు పితికే పని. ఆ పనికి యజమానీ గుమాస్తా అనే తేడా లేదు. అందరి వేళ్లకూ ఒకటే వాసన.

దూరపు అమెరికాలో నీకొక చుట్టముంది. న్యూయార్క్ వాల్ స్ట్రీట్‌లో షేర్ల వ్యాపారం చేసిన తండ్రి గురించి క్లారెన్స్ డే రాసిన 'లైఫ్ విత్ ఫాదర్' 1935లో పుస్తకమైంది. డబ్బు లెక్కల్లో ఆరితేరిన ఆ పెద్దమనిషికి సొంత ఇంటి ఖర్చుల పద్దు మాత్రం కొరకరాని కొయ్య. భార్య రాసిన లెక్క ఏ నెలా కుదిరేది కాదు, ఆయన అరుపులు ఏ నెలా ఫలించేవి కాదు. దాన్ని నాటకం చేస్తే బ్రాడ్‌వేలో 3,224 ప్రదర్శనలు ఆడింది. జనం అన్నేళ్లు చూడ్డానికి వచ్చింది ఆయన సంపాదన కథ కాదు. ఆయన భోజనాల బల్ల.

ఇప్పుడు నీ మనవలు వైట్‌ఫీల్డ్‌లో ఒకరు, కాలిఫోర్నియాలో ఒకరు. పనినీ ఇంటినీ దేనికది విడిగా ఉంచుకోవడమెలాగో వాళ్ల కంపెనీలు తరగతులు పెట్టి నేర్పుతున్నాయి. ఫోను మాత్రం అన్నం ముందు కూర్చున్నప్పుడే మోగుతుంది. పనీ ఇల్లూ వేరనే అబద్ధం నువ్వు ఆడలేదు. బేరం గురించి ఇంట్లో దాచలేదు, ఇంటి దిగులును గల్లా దగ్గర దాచలేదు. పొద్దున అలిగిన భార్యకు మధ్యాహ్నం అంగడి కుర్రాడి చేత మల్లెపూలు పంపి, ఆ ఖర్చును చిల్లర పద్దు కింద రాశావు. అందుకే నీకింత జేజే.

నీ కథ రాసేవాళ్లు దాన్ని విజయగాథ చెయ్యకుందురుగాక. మెట్టు మెట్టూ ఎక్కిన వైనం, పడి లేచిన పట్టుదల, చివర యువతకు సందేశం, ఇవేవీ వద్దు. సరుకు కొలిచేటప్పుడు ఒకటి అనకుండా లాభం అని మొదలుపెట్టే మన పాత లెక్క చాలు. మొదటి అధ్యాయం లాభం. రెండోది అరువు. మూడోది అల్లుడు. ఆ తర్వాతవి ఏ వరసలో ఉండాలో ఇల్లాలిని అడగండి.