నీళ్లు యాడికెళ్లి వస్తున్నయ్?

ఇల్లు కురుస్తోందంటాం. తెలంగాణలో ఉరుస్తోందంటారు. కారు కూడా ఉరుస్తుందని నాకు తెలిసింది, మా నాన్న 1986లో కొన్న అంబాసిడర్ నా చేతికి వచ్చాకే. తొలకరి పడ్డ మర్నాడు తలుపు తీస్తే తడి గోనెసంచి వాసన గుప్పుమంది. ఎడమవైపు ముందు సీటు దగ్గర, మ్యాటు కింద పరిచిన పట్టాను ఎత్తి పిండితే గ్లాసెడు నీళ్లు కారాయి.

ఉప్పల్‌లో ఒక షెడ్డుకు తీసుకెళ్లాను. ముందు అద్దం చుట్టూ సిలికాన్ పూసి పంపారు. రెండో వానకు మళ్లీ అదే తడి. అప్పుడు ఎవరో చెబితే నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో టింకరింగ్ చేసే ఒక పెద్ద మేస్త్రీని వెతుక్కుంటూ వెళ్లాను. ఆయన అద్దం వైపు చూడనే లేదు. తడి పట్టాను వేళ్ల మధ్య నలిపి వాసన చూశాడు. “సార్, నీళ్లు పడ్డకాడ ఎతుకొద్దు. యాడికెళ్లి వస్తున్నయో ఎతకాలె” అన్నాడు.

పెంకుటింట్లో పెరిగినవాళ్లకు ఈ మాట వెంటనే అర్థమవుతుంది. పెంకు పగిలింది ఒకచోట, బొట్టు పడేది ఇంకోచోట. మధ్యలో నీళ్లు వాసం పట్టుకుని జారివస్తాయి. కారులో వాసాల పని రేకుల అతుకులూ వైర్ల కట్టలూ చేస్తాయి.

వాసన ఎందుకు చూశాడో తర్వాత చెప్పాడు. కారులో తడికి కారణం వాన ఒక్కటే కాదు. వాన లేని రోజున, ఏసీ వేసుకుని తిరిగాక తడిస్తే ఏసీ నీళ్లు బయటికిపోయే గొట్టం మూసుకుందని అర్థం. వేళ్లకు జిడ్డుగా తగిలి తియ్యటి వాసన వస్తే అది కూలెంటు. రుచి చూడకూడదు, విషం. ఈ రెండూ కాదని తేలాకే వాన మీద అనుమానం.

ఆ తర్వాత సీట్లు, మ్యాట్లు అన్నీ బయటపెట్టి లోపలంతా ఎండనిచ్చాడు. అతుకుల వెంబడి, డ్యాష్‌బోర్డు కింద రేకుల మీద పొడి ముగ్గుపిండి పల్చగా చల్లాడు. కుర్రాడిని టార్చితో లోపల కూర్చోబెట్టి, బయట తాను పైపు పట్టుకున్నాడు. నీళ్లు జోరుగా కొట్టలేదు, చిన్న ధారగా వదిలాడు. మొదట కింది భాగం, కొంతసేపాగి తలుపులు, ఆ తర్వాత అద్దం, చివరికి టాపు. పైనుంచి మొదలుపెడితే జారిన నీళ్లు కింద ఉన్నవాటన్నిటినీ తడుపుతాయి, దొంగ ఎవరో తేలదు. అసలు విద్యంతా ఈ వరసలో, ఈ ఓపికలో ఉంది.

బోనెట్ వెనక అంచు మీద ధార పడ్డ కాసేపటికి లోపలినుంచి కుర్రాడు కేకేశాడు. తెల్లటి ముగ్గు మీద సన్నటి చార. దాని వెంబడే పైకి వెళ్తే, ఇంజనుకూ మనకూ మధ్య అడ్డుండే రేకులో వైర్లు దూరే కన్నం. దాని చుట్టూ ఉండాల్సిన రబ్బరు పెళుసెక్కి సగం ఊడిపోయింది. నీళ్లు వైరు పట్టుకుని లోపలికి వచ్చి, అది వంగినచోట బొట్లుగా రాలుతున్నాయి. మేస్త్రీ కొత్త రబ్బరు తొడిగాడు. అంతటితో ఆగకుండా, వైరు కన్నంలోకి దూరేముందు ఒక వంపు కిందికి వేలాడేలా కట్టాడు. ఇక నీళ్లు ఆ వంపు దగ్గరే రాలిపోతాయి, పైకెక్కవు.

అద్దం సంగతి వేరు. ఇప్పటి కార్లకు ముందు అద్దాన్ని గమ్ముతో అతికిస్తారు. అంబాసిడర్, ప్రీమియర్ పద్మినిలాంటి వాటికి రబ్బరే ఆధారం. మన ఎండలకు ఆ రబ్బరు గట్టిపడి రేకును వదిలేస్తుంది. పైన ఎంత సిలికాన్ పూసినా లాభం లేదు, పైపెచ్చు లోపల చేరిన నీళ్లు బయటికి రాలేక రేకును తినేస్తాయి. కొత్త రబ్బరు ఎక్కించే పద్ధతి చూసి తీరాలి. అద్దానికి రబ్బరు తొడిగి, రేకు అంచు కూర్చునే గాడిలో చుట్టూ తాడు కూరుస్తారు. సబ్బునీళ్లు రాసి, ఒకరు బయటినుంచి అద్దాన్ని అదిమితే, లోపలి మనిషి తాడు కొస పట్టుకుని మెల్లగా లాగుతాడు. లాగుతున్న కొద్దీ రబ్బరు పెదవి రేకు అంచు దాటి లోపలికి ఎక్కి కూర్చుంటుంది.

తలుపు చుట్టూ ఉండే రబ్బరు బీడింగుకు పరీక్ష ఇంకా సులువు. పది రూపాయల నోటు పెట్టి తలుపు వేసి లాగండి. బిగువుగా వస్తే మంచిదే, జారి వచ్చేస్తే ఆ చోట బీడింగు అణిగిపోయిందన్నమాట. తలుపు లోపలికి మాత్రం నీళ్లు రావడం సహజమే. అద్దం పక్కనుంచి దిగిన వాన అడుగున ఉన్న చిన్న కన్నాల్లోంచి బయటికి పోవాలి. చెరువుకు తూము ఎలాగో తలుపుకు అవి అలాగ. వాటిలో మట్టి చేరినా, లప్పం పెట్టేటప్పుడు మూసేసినా తలుపు అడుగునుంచి కుళ్లుతుంది.

   

ఇంత శ్రమ దేనికంటే, అంబాసిడర్‌కు లారీలా విడిగా ఛాసిస్ ఉండదు. రేకుల పెట్టే దాని ఎముకల గూడు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాను తీసుకుని 1950ల చివర్లో తయారీ మొదలుపెట్టిన హిందుస్థాన్ మోటార్స్ ఉత్తర్‌పారాలో 2014లో దాన్ని ఆపేసింది. కాళ్ల కింది రేకు తుప్పుపట్టి చిల్లులు పడితే బండి బలమే పోతుంది. కొత్త రేకు కంపెనీనుంచి రాదు, గ్యాస్ వెల్డింగుతో అతుకులు వేయించుకోవాల్సిందే. ఇదంతా మామూలు వాన మాట. 2020 అక్టోబరు 13న ఘట్‌కేసర్ వైపు ఒక్కరోజులో 32 సెంటీమీటర్ల వాన పడి, హబ్సిగూడ, రామంతాపూర్ వీధులు మునిగాయి. అంతటి నీళ్లు చేరితే ఏ రబ్బరూ ఆపలేదు. మ్యాట్లు తీసి, తలుపులు తెరిచి, ఎండలో పెట్టడమే దానికి మందు. ఆలస్యం చేసిన ప్రతిరోజూ తుప్పుకే లాభం.

మా కారుకు ఆ రోజు మారింది అరచేతిలో పట్టే రబ్బరు ముక్క ఒక్కటే. వెతకడానికి మాత్రం ఒక పూట పట్టింది. మన దగ్గర బిల్లులో సామాను ధర చూసి డబ్బులిస్తాం, వెతికిన పూటకు ఇవ్వడానికి చేతులు రావు. అందుకే తేలికైన సిలికాన్ పని పెరిగింది, ముగ్గుపిండితో వెతికే మేస్త్రీలు తగ్గారు. మీ మేస్త్రీ పూటంతా వెతికి చిన్న రబ్బరొక్కటే మార్చి పంపితే, ఆ పూట కూలి దగ్గర బేరమాడకండి.