రెండవ కంఠము

చర్చ ముగియవచ్చిన వేళ అధ్యక్షులు సభ్యులనందరను ఒకమారు కలయజూచి, “ఎవరికైనా అభ్యంతరమా?” అని అడుగుటయు, ఎవరును పెదవి విప్పకపోవుటచే తీర్మానము ఏకగ్రీవముగా ఆమోదింపబడినదని మినిట్సు పుస్తకమున వ్రాయుటయు మన సంఘములలోను, కార్యాలయములలోను నిత్యము జరుగుచున్న పనియే. మౌనము అర్ధాంగీకారమని పెద్దలు చెప్పిరి. కాని చిరకాలము సహకార సంఘములకు కార్యదర్శిగా ఉండి, ఆ పుస్తకములను స్వహస్తముతో వ్రాసిన నాకు, సమావేశములందలి మౌనమును అర్ధాంగీకారముగా నైనను లెక్కించుట ప్రమాదకరమని క్రమక్రమముగా దృఢపడినది.

ఈ ప్రమాదము ఎంతవరకు పోగలదో తెలియగోరువారు 1986 జనవరి 27వ తేదీ రాత్రి అమెరికాలో జరిగిన ఒక సమాలోచనమును శ్రద్ధతో పరిశీలింపవలెను. మరునాడు ఛాలెంజర్ అను అంతరిక్షనౌకను ప్రయోగింపవలసియుండగా, దాని రాకెట్లను నిర్మించిన థయోకాల్ సంస్థ ఇంజనీర్లు, తీవ్రమైన చలిలో రాకెట్టు భాగముల అతుకులయందలి రబ్బరు వలయములు సాగుగుణము కోల్పోయి, మండుచున్న వాయువులను అడ్డలేవనియు, 53 ఫారెన్‌హీటు డిగ్రీలకు తక్కువ ఉష్ణోగ్రతలో ప్రయోగము తగదనియు టెలిఫోనుపై నాసా అధికారులకు విన్నవించిరి. అధికారులు ఆ సలహాపట్ల తీవ్రమైన అసంతృప్తిని వెలిబుచ్చగా, థయోకాల్ వారు తమలో తాము ఆలోచించుకొనుటకు ఐదు నిమిషములు గడువు కోరి, సుమారు అరగంటసేపు చర్చించిరి. ఆ అరగంటలో రోజర్ బోయ్‌జోలీ అను ఇంజనీరు, వెనుకటి ప్రయోగములందు వేడివాయువు వలయములను దాటివచ్చినదని తెలుపు ఛాయాచిత్రములను పై అధికారుల యెదుట నుంచి ప్రాధేయపడెను. ఆయన సహచరుడొకడు బల్లయొద్దకు నడచివచ్చి, కాగితముపై అతుకు స్వరూపమును గీచి చూపెను. తమ మాట చెవికెక్కుట లేదని గ్రహించి ఇరువురును విరమించిరి. అటుపిమ్మట నలుగురు మేనేజర్లు మాత్రమే అభిప్రాయములు చెప్పుకొని ప్రయోగమునకు సమ్మతించిరి. ఇంజనీర్లను అడిగినవారు లేరు. టెలిఫోను సంభాషణ తిరిగి ప్రారంభమైన తరువాత, ఎవరికైనను భిన్నాభిప్రాయమున్నదా యని నాసా పక్షమునుండి ప్రశ్న వచ్చినది. ఎవ్వరును మాటాడలేదు. మరునాటి ఉదయము నౌక ఎగసిన 73 సెకండ్లకే విచ్ఛిన్నమై, అందలి ఏడుగురును మరణించిరి.

అక్కడ ఉన్నవారు మూర్ఖులు కారు. ప్రాణహాని కోరినవారును కారు. ప్రశ్న వేయకపోవుటయు అక్కడ జరిగిన లోపము కాదు. పెద్దలు తమ నిర్ణయము ప్రకటించిన పిదప, పేరుపెట్టి ఒక్కరినైనను పిలువక, అందరి నుద్దేశించి వేసిన ప్రశ్నకు ఎవరు బదులు చెప్పవలెను? అట్టి సమయమున నోరు విప్పువాడు ఒక సందేహమును తెలుపుట మాత్రమే గాక, కుదిరిన ఒప్పందమును చెరచినవాడగును. ఆ భారమును ఒంటరిగా మోయుటకు మనుష్యుడు సహజముగా వెనుదీయును.

ఈ వెనుకంజ ఎంత బలమైనదో సాలమన్ ఆష్ అను మనస్తత్త్వశాస్త్రవేత్త 1951లో ప్రకటించిన ప్రయోగములవలన తెలియవచ్చినది. ఒక అట్టపై ఒక గీత, మరియొక అట్టపై మూడు గీతలు చూపి, మొదటిదానితో సమానమైనదేదో చెప్పుమని కళాశాల విద్యార్థులను అడిగిరి. ఒంటరిగా అడిగినప్పుడు దాదాపు ఎవరును పొరబడని సులభమైన ప్రశ్న అది. కాని ముందుగా ఏర్పరచుకొన్న మనుష్యులు వరుసగా ఒకే తప్పు చెప్పిన పిమ్మట వంతు వచ్చిన విద్యార్థి, సుమారు మూడింట ఒకమారు తన కన్నులను కాదని వారితో తానును తప్పే చెప్పెను. అయితే ఆ ప్రయోగములలో నాకు శిరోధార్యమైనది మరియొక అంశము. ఆ గుంపులో ఒక్క మనుష్యుడు సరియైన సమాధానము చెప్పినచో చాలును. విద్యార్థి లొంగుబాటు నాల్గవ వంతునకు పడిపోయెను. ధైర్యము పుట్టుకతో వచ్చు గుణమని తలంచుచుందుము గాని, తోడుగా ఒక్క కంఠము వినబడినంతనే సామాన్యునికిని అది కలుగుచున్నది.

మహాభారతమునందలి ద్యూతసభను ఈ దృష్టితో మరల చదువవలెను. ద్రౌపది అడిగిన ధర్మసందేహమునకు భీష్మాదులు తేల్చి చెప్పలేకుండగా, ధృతరాష్ట్రపుత్రులలో ఒకడైన వికర్ణుడు లేచి, ఆమె జయింపబడలేదని సహేతుకముగా వాదించెను. అప్పుడు సభ్యులు వికర్ణుని ప్రశంసించుచు, శకునిని నిందించుచు పెద్దపెట్టున కోలాహలము చేసిరని వ్యాసభారతము చెప్పుచున్నది. సమ్మతి ఆ సభలో సమృద్ధిగా ఉన్నదన్నమాట. కర్ణుడు లేచి అతనిని బాలుడని అధిక్షేపించినప్పుడు మాత్రము, కోలాహలము చేసినవారిలో ఒక్కరును లేచి వికర్ణుని ప్రక్కన నిలువలేదు. మొదటి కంఠము ఉన్నది, రెండవది లేకపోయినది.

కావున సమావేశమును నడుపువాని విద్య యావత్తును ఆ రెండవ కంఠమునకు చోటు కల్పించుటయందే యున్నదని నా నమ్మకము. మన సైనిక నిబంధనలలో, కోర్టుమార్షల్ సభ్యులు నేరనిర్ణయముపై అభిప్రాయము చెప్పునపుడు, అందరికంటె తక్కువ హోదాగలవానితో ప్రారంభింపవలెనని విధించిన వారికి ఈ రహస్యము తెలిసియుండెను. పై అధికారి మాట వినకముందే చిన్నవాడు తన మాట చెప్పుకొనును.

నేను అవలంబించు పద్ధతి ఇంతకంటె సులభము. గోదావరి కాలువల క్రింది గ్రామమొకదానియందు మా సంఘమునకు ధాన్యపు గోదాము కట్టదలచి, చవుకగా వచ్చుచున్న స్థలమొకటి కొనుటకు కార్యవర్గము దాదాపు సిద్ధపడినది. అందరును తలయూపుచున్నారు. “ప్రెసిడెంటుగారూ, తీర్మానం రాసేముందు తలా ఒక చీటీ రాద్దామండి. ఈ పని చెడితే దేనివల్ల చెడుతుందో రాస్తే చాలు, పేర్లు అక్కర్లేదు” అంటిని. “అలాగే కానివ్వండి” అనిరి వారు. ఏడు చీటీలు విప్పి చదువగా నాలుగింట ఒకే మాట: ఆ చెక్క మురుగుకాలువకు పల్లమున నున్నది, శ్రావణ భాద్రపదములలో నీట మునుగును. ప్రెసిడెంటుగారు కండ్లజోడు తీసి, “నాకూ అదే అనుమానమండీ. మీరెవరూ అనకపోయేసరికి నాదే చాదస్తం అనుకున్నాను” అనిరి. నలుగురును ఎవరికి వారే తమకొక్కరికే ఆ శంక కలిగినదని భావించి, తక్కినవారి మౌనమును చూచి తామును మౌనము వహించియుండిరి. ఊరికి ఎగువన మెరకస్థలము కొంత అధికధరకు తీసికొంటిమి.

అభ్యంతరమున్నదా యని అడుగుటకును, చెడినచో దేనివలన చెడునని అడుగుటకును ఎంతో వ్యత్యాసమున్నది. మొదటిదానికి బదులు చెప్పువాడు ఎదురుతిరిగినవాడగును. రెండవదానికి బదులు చెప్పువాడు అప్పగించిన పని నెరవేర్చినవాడగును. ఇట్లు చేసినచో చర్చ అంతులేక సాగునని శంకింప నక్కరలేదు. గడియసేపటి ఆలస్యమేగాని, నిర్ణయము జరిగిన పిమ్మట దానిని అందరును శిరసావహించి నడుపుట సులభమగును. తన సందేహము నలుగురిలో వినబడి, మినిట్సులోనికి ఎక్కినదని ఎరిగినవాడు వెలుపల గొణగడు.

అధ్యక్షుల బాధ్యత ఇంతవరకు చెప్పితిని. సభ్యులకును ఒక బాధ్యత కలదు, అది అంతకంటె చిన్నది కాదు. సమావేశము ముగిసిన తరువాత వరండాలో మనము ఎవరినో ప్రక్కకు పిలిచి, మీరన్నది నిజమండీ యని భుజము తట్టుదుము. ఆ మాటను పది నిమిషములు ముందుగా, లోపల, అందరును వినునట్లు చెప్పవలెను. మొదట లేచి పలుకుటకు అందరికిని సాహసము చాలకపోవచ్చును. పలికినవాని మాట సత్యమని తోచినప్పుడు, వెంటనే రెండవవాడై లేచుట మనలో ఎవరికైనను సాధ్యమే.