ఖాళీగా ఉన్న అచ్చుకే గండం

మెషీన్ మీద నడుస్తున్న అచ్చు గురించి నాకు బెంగ ఉండదు. పది కళ్లు దాన్ని కనిపెట్టుకునే ఉంటాయి. ఆర్డరు అయిపోయి షెడ్డులో ఓ మూలకు చేరాకే దానికి కష్టకాలం మొదలవుతుంది.

మన శ్రీకాకుళం, విజయనగరం తీరంలో గాలిలోనే ఉప్పుంటుంది. అద్దంలా పాలిష్ చేసిన ఉక్కు మీద చెమట వేలు పడితే చాలు, తుప్పు దారి వెతుక్కుంటుంది. కూలింగ్ రంధ్రాల్లో నిలిచిన నీళ్లు ఇంకా ప్రమాదం. వాటిని కంప్రెసర్ గాలితో ఊదేసి, లోపలి ముఖాలు తుడిచి, తుప్పు పట్టనివ్వని నూనె రాసి, అచ్చు మూసి, నేల తగలకుండా దుంగల మీద పెట్టాలి.

ఈ పని సెప్టెంబరులోనే ముగించాలంటాను. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటింది. తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11న పలాస వైపు విరుచుకుపడింది. కరెంటు పోయాక తేమ లాగే యంత్రం ఉన్నా లేనట్టే. అప్పుడు కాపాడేది ముందే రాసిన నూనె పూతే. దసరా ఆయుధపూజ కూడా ఇంచుమించు ఆ రోజుల్లోనే వస్తుంది. బొట్టు తప్పక పెట్టండి, కానీ పైచట్రానికి. తడి పసుపు పాలిష్ ముఖానికి తగిలితే పూజే తుప్పుకు పునాది.

ఇక కదిలించడం. అరమీటరు పొడవు, వెడల్పు, ఎత్తున్న ఉక్కు దిమ్మ దాదాపు 980 కిలోలు తూగుతుంది. చూపుకి అంత అనిపించదు, అక్కడే మోసపోతాం. రెండు టన్నుల అచ్చును రెండు స్లింగులతో నిట్టనిలువుగా ఎత్తితే ఒక్కోదాని మీద టన్ను పడుతుంది. అవే స్లింగులు బార్లా చాచుకుని నేలతో 30 డిగ్రీల కోణానికి వాలితే ఒక్కోదాని మీద రెండేసి టన్నులు! ఐబోల్టు కూడా నిలువు లాగుడుకి ఓర్చినట్టు పక్క లాగుడుకి ఓర్వదు. రెండు సగాలూ విడిపోకుండా పట్టీ బిగించాకే కొక్కెం తగిలించాలి.

లారీలో అచ్చు కింద రబ్బరు షీటు, నాలుగు వైపులా గొలుసులు ఉండాలి. బరువే కదలనివ్వదనుకుంటే సడన్ బ్రేకు ఆ భ్రమ తీరుస్తుంది. విశాఖ రేవు మీదుగా విదేశానికి పంపితే చెక్కపెట్టెకూ నియమం ఉంది: కలప లోపలిదాకా 56 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉండాలి, లేదా మందుపొగ పట్టాలి. ఆ పని జరిగినట్టు ముద్ర లేని పెట్టెను అవతలి రేవు వెనక్కి పంపొచ్చు.

అచ్చు చెక్కినవాడికి దక్కే గౌరవం దాన్ని దాచేవాడికి దక్కదు. స్టోర్‌లో ఎవరో కొత్త కుర్రాణ్ణి పెట్టి సరిపెడతాం. కనీసం ప్రతి అచ్చు మీదా దాని బరువు, నూనె రాసిన తేదీ పెయింటుతో రాయించండి. క్రేన్ నడిపేవాడు ఊహించి ఎత్తే అవసరం రాకూడదు.