బెజ్జంలోని పనితనం

సింధు నాగరికత అనగానే మన పాఠ్యపుస్తకాలకు రెండు బొమ్మలు గుర్తొస్తాయి. నడుం మీద చెయ్యేసి నిలబడ్డ కంచు నర్తకి ఒకటి, శాలువా కప్పుకున్న గడ్డపాయన మరొకటి. రెండూ గొప్పవే, కాదనను. కానీ ఆ నాటి పనివాళ్ల చేతుల్లో ఎంత విద్య ఉందో తెలుసుకోవాలంటే నేను మాత్రం పూసల దగ్గరికి వెళ్లమంటాను. అందులోనూ కార్నీలియన్ అనే ఎర్ర రాతితో చేసిన పొడవాటి పూసల దగ్గరికి. వెళ్లాక వాటి ఎర్రని నునుపు చూసి మురిసిపోకుండా, కొసకు వంగి బెజ్జంలోకి చూడాలి. అసలు పని అంతా అక్కడే ఉంది.

పూస రెండు కొసల్లో సన్నబడి, నడుమ కాస్త లావుగా ఉంటుంది. వెలుగుకు అడ్డం పెడితే నారింజ ఎరుపు లోపలినుంచి పైకొస్తుంది. పొడవు ఆరు సెంటీమీటర్ల నుంచి మొదలై కొన్నిట్లో పన్నెండు దాకా పోతుంది. ఇంత పొడుగు రాయికి నిలువునా ఈ కొస నుంచి ఆ కొసకు బెజ్జం ఉంటుంది. దాని వెడల్పు రెండు మూడు మిల్లీమీటర్లకు మించదు. కార్నీలియన్ గట్టిదనం మోస్ కొలమానంలో దాదాపు 7. మామూలు ఉక్కు చాకుతో గీసినా దానిమీద గీత పడదు. ఇనుము ఇంకా వాడుకలోకి రాని కాలంలో, క్రీ.పూ. 2600–1900 మధ్య, ఈ రాయిని తొలిచారు.

రాయి ఎర్రగా పుట్టదు. గుజరాత్‌లో రతన్‌పూర్ పరిసరాల్లో తవ్వి తీసినప్పుడు చాలా రాళ్లు పసుపు, గోధుమ రంగుల్లో ఉంటాయి. ఎండలో ఆరబెట్టి, కుండల్లో పెట్టి సన్నటి సెగ మీద కాలిస్తే రాతిలోని ఇనుము రంగు మారి ఎరుపు తేలుతుంది. సెగ ఒక్కసారిగా పెరిగితే రాయి పగులుతుంది. అందుకే ఓపిగ్గా, అవసరమైతే మళ్లీ మళ్లీ కాలుస్తారు. ఈ పని ఖంభాత్‌లో నేటికీ సాగుతోంది. అక్కడి పనివాడు నేలలో పాతిన ఇనుప మొనకు రాయిని ఆనించి, గేదె కొమ్ముతో చేసిన సుత్తితో కొడతాడు. సుత్తి దెబ్బ పైన పడుతుంది, పెచ్చు కింద మొన దగ్గర లేస్తుంది. హరప్పా పూసలు ఎలా తయారయ్యాయో తెలుసుకోవడానికి మార్క్ కెనోయర్, మాస్సిమో విడాలే, కుల్‌దీప్ భాన్ వంటి పరిశోధకులు ఈ ఖంభాత్ పనివాళ్ల దగ్గరే కూర్చున్నారు. సరైన గురువులనే ఎంచుకున్నారు.

ఇక బరమా సంగతి. 1935–36లో ఎర్నెస్ట్ మెకే సింధ్‌లోని చన్హుదారోలో పూసల కార్ఖానాను తవ్వితీశాడు. సగం చేసిన పూసలు, తొలుస్తుండగా విరిగినవి, వాటితోపాటు సన్నటి రాతి ములుకులు దొరికాయి. ములుకు మొన దగ్గర కాస్త వెడల్పుగా, నడుమ సన్నంగా ఉంటుంది. ఇందులో చిన్న తెలివి దాగుంది. మొన మాత్రమే రాయిని ఒరుస్తుంది. వెనకభాగం బెజ్జం గోడకు తగలదు. ఆ సందులోంచి నీళ్లు లోపలికి దిగుతాయి, రాతి పొడి బయటికి వస్తుంది. ములుకు చేసిన రాయి కూడా మామూలు చెకుముకి కాదు. అరుదైన, మచ్చలు మచ్చలుగా ఉండే గట్టి రాయి. మెకే పేరు మీద కెనోయర్, విడాలే దానికి ఎర్నెస్టైట్ అని పేరు పెట్టారు. మరో సింధు నగరం ధోలావీరాలో ఇలాంటి ములుకులు వెయ్యికి పైగా దొరికాయి.

ములుకును కర్రకు బిగించి, కర్రకు విల్లు తాడు చుట్టి, కవ్వం తిప్పినట్టు అటూ ఇటూ ఆడిస్తారు. చల్లబరచడానికి నీటి చుక్కలు పడుతూనే ఉండాలి. కెనోయర్ ప్రయోగాల ప్రకారం ఈ ములుకు గంటకు రెండున్నర మిల్లీమీటర్లు దిగుతుంది. అంటే ఆరు సెంటీమీటర్ల పూసకు ఇరవైనాలుగు గంటలు, రోజుకు ఎనిమిది గంటల లెక్కన మూడు రోజులు. అదీ ఒక కొస నుంచే కాదు. సగం దాకా తొలిచి, పూసను తిప్పి, రెండో కొస నుంచి మొదలెట్టాలి. రెండు దారులూ రాతి మధ్యలో, కంటికి కనబడని చోట కలవాలి. ఈ బెజ్జాల్లో సిలికోన్‌తో అచ్చు తీసి మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే, ఎక్కడ ములుకు మార్చారో, ఎక్కడ ఇంకా సన్నటిది వాడారో మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. నాలుగు వేల ఏళ్ల కిందటి పనివాడు చెయ్యి మార్చుకున్న చోటు అది! కాల్చడం, చెక్కడం, సాన పట్టడం అయ్యాక ఈ తొలిచే పని మొదలవుతుంది. ఇక్కడ పూస విరిగితే వెనకటి శ్రమంతా మట్టిపాలే.

కరాచీ దగ్గర అల్లాదినో అనే ఊరుంది. విస్తీర్ణం నాలుగెకరాలు కూడా లేదు. 1970ల్లో పురావస్తు శాస్త్రవేత్త ఫెయిర్‌సర్విస్ అక్కడ తవ్వినప్పుడు ఒక కుండలో బంగారం, వెండి నగలతో పాటు 36 పొడవాటి కార్నీలియన్ పూసల వడ్డాణం దొరికింది. దాని తయారీకి 480కి పైగా పనిదినాలు పట్టి ఉంటాయని కెనోయర్ అంచనా. ఇన్ని రోజులు పనివాడికి కూడు ఎవరో పెట్టాలి. గుజరాత్ నుంచి రాయి, ఎక్కడినుంచో ములుకు రాయి సమయానికి చేరాలి. పని నేర్పే పెద్దలుండాలి. లిపి ఇంకా ఎవరికీ కొరుకుడు పడలేదు గనక వాళ్ల కూలి లెక్కలు మనకు తెలియవు. కానీ అలాంటి ఏర్పాటు లేకుండా ఈ వడ్డాణం పుట్టదు. పైగా దొరికింది మహానగరంలో కాదు, ఒక చిన్న ఊళ్లో.

కొనలేని వాళ్ల సంగతేంటి? వాళ్లకు మట్టి పూసలున్నాయి. అదే ఆకారం, అదే పొడవు, పైన ఎర్ర రంగు. నకలు ఉందంటే అసలుకు ఎంత మోజో వేరే చెప్పాలా! ఇంకో విశేషం: హరప్పా శ్మశానంలో చనిపోయినవాళ్లతో ఈ పొడవాటి పూసలు పెట్టలేదు. వాటిని బతికున్నవాళ్ల కోసం దాచారు. అవే పూసలు మెసపొటేమియా చేరితే కథ మారింది. లియొనార్డ్ వూలీ తవ్విన ఊర్ నగర రాజసమాధుల్లో అవి మృతులతో పాటు మట్టిలోకి వెళ్లాయి. అక్కడివాళ్లు సింధు దేశాన్ని మెలుహా అని పిలిచేవారని పండితుల అభిప్రాయం. మెలుహా ఓడలు తన రేవులో ఆగాయని అక్కాద్ రాజు సార్గోన్ శాసనంలో గొప్ప చెప్పుకున్నాడు. ఆయన ఓడల సంగతి రాయించాడు గానీ, ఆ సరుకు చేసిన చేతుల సంగతి ఎవరూ రాయించలేదు.

మొహెంజొదారోలోనూ 42 పొడవాటి పూసల వడ్డాణం దొరికింది. దేశ విభజనప్పుడు దాన్ని కూడా రెండు దేశాలూ పంచుకున్నాయి. అదో విషాదం, దాని జోలికి ఇప్పుడు పోను. నా విన్నపం మ్యూజియం వాళ్లకు. ఈ పూసలను పక్కకు పడుకోబెట్టి, ‘పూసలు, కార్నీలియన్’ అని ఒక చీటీ అంటించి వదిలేయకండి. ఒక్క పూసనైనా బెజ్జం కనబడేలా నిలబెట్టండి. పక్కన ఒక బరమా ములుకు, పైన ఒక భూతద్దం, గంటకు రెండున్నర మిల్లీమీటర్లు అన్న ఒక్క వాక్యం పెట్టండి. మిగతాది బడి పిల్లలే అర్థం చేసుకుంటారు.