ఫొటోలో గాజు రంగును నమ్మొద్దు

పాత ఫొటో చేతికొస్తే అందరూ మనుషుల్ని గుర్తుపడతారు. నా చూపు మాత్రం పక్కనున్న టేబుల్ మీదికి పోతుంది. దాని మీద ఫ్లవర్ వాజ్ ఉందా, ఉంటే ఎక్కడి గాజు? ఈ పిచ్చి నన్ను వదల్లేదు. వదిలించుకోవాలనీ లేదు.

ఈ పనిలో ముందు పక్కన పెట్టాల్సింది రంగు. పంతొమ్మిదో శతాబ్దపు ఫొటో ప్లేటు నీలాన్ని బాగా పడుతుంది, ఎరుపును దాదాపు పట్టదు. అందుకే కెంపు రంగు గాజు నల్లగానూ, ముదురు నీలం గాజు వెలిసిపోయినట్టూ కనిపిస్తాయి. అన్ని రంగులనూ పట్టే పాంక్రొమాటిక్ ప్లేట్లు అమ్మకానికి వచ్చింది 1906లో. చేత్తో రంగులద్దిన ఫొటో అయితే ఆ రంగు చిత్రకారుడిది, గాజుది కాదు.

ఇక నమ్మదగింది ఆకారమే. అంచు చీర కుచ్చెళ్లలా మడతలు పడిందా? మెడ ఎంత సన్నం? కోసి చెక్కిన గాజు మీద వెలుగు పదునుగా విరుగుతుంది. అచ్చులో ఒత్తిన గాజు మీద మెత్తగా జారుతుంది, భూతద్దం పెడితే అచ్చు అతుకు గీత కూడా దొరకొచ్చు. పక్కన కుర్చీ ఉంటే ఎత్తు అంచనా వేయొచ్చు. రేకు మీద తీసిన టిన్‌టైప్ ఫొటోలో కుడి ఎడమలు తారుమారవుతాయని మాత్రం మరవకూడదు.

ఆకారం ఎలా పట్టిస్తుందో ఒక ఉదాహరణ: ఫిరోజాబాద్‌లోని జైన్ గ్లాస్ వర్క్స్ రంగులు మారుతూ మెరిసే కార్నివాల్ గ్లాస్ వాజులు చేసింది. వాటిలో ఒకటి మనిషి చెయ్యి వాజును పట్టుకున్నట్టుంటుంది. నలుపు తెలుపు ఫొటోలో ఆ రంగుల మెరుపు పోతుంది, చెయ్యి పోదు.

ఆకారం కలిసినా తొందరపడకూడదు. నిజాం మహళ్ల ఫొటోల్లో ప్రతి షాండ్లియర్‌నూ ఓస్లర్ అనేవాళ్లున్నారు. బర్మింగ్‌హామ్‌లోని ఆ కంపెనీకి కలకత్తాలో దుకాణం ఉన్నమాట నిజమే. కానీ మన మహళ్లకు బెల్జియం గాజు కూడా వచ్చింది. స్టూడియో ఫొటోలో అయితే ఇంకో చిక్కు: తాతగారి పక్కనున్న వాజు స్టూడియోవాళ్లది కావచ్చు.

కాబట్టి ఫొటో చూసి "ఇలాంటిది" అనండి. "ఇదే" అనాలంటే వస్తువు చేతికి రావాలి. ఫొటో అంటించిన అట్టను మాత్రం పారేయకండి. దాని మీది స్టూడియో పేరే చాలాసార్లు కాలాన్ని పట్టిస్తుంది.